నాన్నగారి మీటరు పుస్తకం

మా ఇంట్లో బీరువా పై అరలో, పాత రసీదుల కట్ట కింద, గట్టి అట్ట వేసిన పొడుగాటి నోటు పుస్తకం ఒకటి ఉంది. అట్ట మీద నాన్నగారి చేతిరాతలో "మీటరు" అన్న ఒక్క మాట తప్ప మరేమీ లేదు. లోపల ప్రతి పుటలోనూ స్కేలు పెట్టి నిలువు గీతలు గీసి, తేదీ, మీటరు అంకె, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా, గ్యాస్ సిలిండరు మార్చిన రోజు అని వరుసగా శీర్షికలు రాసి, చివరి గడికి "కారణం" అని పేరు పెట్టారు. ఈమధ్య వరుసగా రెండు నెలలు మా కరెంటు బిల్లూ గ్యాస్ బిల్లూ ఒకదానితో ఒకటి పోటీ పడినట్టు పెరిగి వచ్చినప్పుడు, ఆ పెరుగుదల ఎక్కడిదో తేల్చుకోలేక, ఇలాంటి చిక్కును నాన్నగారు ఎలా విడదీసి చూసేవారో గుర్తు చేసుకుందామని ఆ పుస్తకం తీశాను. తీసినవాణ్ణి తెల్లవారుజాము దాకా దాన్ని చదువుతూనే ఉండిపోయాను.

నా చిన్నప్పుడు బిల్లు వచ్చిన రోజు ఇంట్లో మాటలు తగ్గిపోయేవి. నాన్నగారు ఆ కాగితాన్ని గుమ్మంలో నిలబడే చదివి, రెండు మడతలు పెట్టి, చొక్కా జేబులో పెట్టుకుని, ఏమీ అనకుండా పెరట్లోకి వెళ్ళిపోయేవారు. ఎంత వచ్చిందని అమ్మ అడిగేది కాదు; మడత పెట్టిన తీరును బట్టే ఆమెకు తెలిసిపోయేది. ఆ తరువాత వారం రోజుల పాటు "ఆ గదిలో దీపం ఎవరు వదిలేశారు", "మనిషి లేని చోట ఫ్యాను ఎందుకు తిరుగుతోంది" అన్న మాటలే ఇల్లంతా వినిపించేవి. చెల్లి నన్ను చూపించేది, నేను చెల్లిని చూపించేవాణ్ణి. వారం గడిచాక అందరం మరిచిపోయేవాళ్ళం. నెల తిరిగేసరికి మళ్ళీ అదే కాగితం, అవే మడతలు. ఏది ఎంత లాగుతోందో తెలియకుండా అన్నిటినీ కొంచెం కొంచెంగా తగ్గించడం వల్ల మనుషులకు ఇబ్బందీ మనసులకు నొప్పీ మిగిలాయే కానీ, బిల్లు మీద దాని జాడ ఎన్నడూ కనబడలేదు.

నేను ఏడో తరగతి చదువుతున్న ఏడాది ఒక నెల బిల్లు అంతకుముందు నెలకు దాదాపు రెట్టింపు వచ్చింది. మేము కొత్తగా కొన్న వస్తువేదీ లేదు, ఇంటికి చుట్టాలు కూడా రాలేదు. నాన్నగారు ఆ కాగితం పట్టుకుని కరెంటు ఆఫీసుకు వెళితే, అక్కడి ఉద్యోగి అంకెలన్నీ సరిచూసి, "మీటరు తిరిగిందండీ, తిరిగినదానికే వేశాం, ఒకసారి ఇంట్లోనే చూసుకోండి" అని చెప్పి పంపించాడు. ఆ సొమ్ము ఒక్కసారిగా కట్టలేమని చెప్పుకోవడానికి నాన్నగారు చాలా సేపు తటపటాయించారని, చివరికి అడిగితే రెండు విడతలుగా కట్టడానికి ఒప్పుకున్నారని చాలా ఏళ్ళ తరువాత అమ్మ నాకు చెప్పింది. కట్టలేని పరిస్థితిని గడువు దాటకముందే నోరు తెరిచి చెప్పుకోవడంలో తప్పేమీ లేదని ఇప్పుడు నేను ఎవరికైనా ధైర్యంగా చెప్పగలను కానీ, ఆ రోజు ఆయన పడిన సిగ్గు చిన్నది కాదు.

ఆ ఆదివారం పొద్దున నాన్నగారు ఇంట్లో ఉన్న స్విచ్చులన్నీ ఆపేయించి, ఫ్రిజ్ ప్లగ్గు కూడా తీయించి, మీటరు ఎదురుగా ఒక స్టూలు వేసుకుని కూర్చున్నారు. టార్చిలైటు నా చేతికి ఇచ్చి గాజు మీద వెలుతురు పడేలా పట్టుకోమన్నారు. ఆనాటి మీటర్లను ఇప్పటి పిల్లలు చూసి ఉండరు. గాజు వెనక, అంచు మీద ఎర్ర గుర్తు ఉన్న అల్యూమినియం చక్రం ఒకటి అడ్డంగా తిరుగుతూ ఉండేది. లోపలి తీగచుట్టల్లో ప్రవహించే విద్యుత్తు అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తే, ఆ క్షేత్రం చక్రంలో సుడి ప్రవాహాలను రేపి దాన్ని తిప్పుతుంది. ఇంట్లో వాడకం ఎంత పెరిగితే చక్రం అంత వేగం అందుకుంటుంది. ఒట్టో బ్లాతీ అనే హంగేరీ ఇంజనీరు 1889లో పేటెంటు పొందిన ఆ పద్ధతి నూరేళ్ళు దాటినా ఎన్నో దేశాల్లో ఇళ్ళ గోడల మీద తిరుగుతూనే ఉంది. మా మీటరు ముఖం మీద యూనిట్‌కు 600 చుట్లు అని ముద్రించి ఉండేది.

నాన్నగారు నా చేతనే లెక్క కట్టించారు. యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవర్, అంటే 1000 వాట్ల పరికరం గంటసేపు పనిచేస్తే ఖర్చయ్యే విద్యుత్తు. 100 వాట్ల బల్బు ఒక్కటే వెలుగుతూ ఉంటే యూనిట్ కావడానికి 10 గంటలు పడుతుంది. ఆ 10 గంటల్లో చక్రం 600 చుట్లు తిరగాలి కనుక నిమిషానికి సరిగ్గా ఒక చుట్టు. అన్నీ ఆపేసిన ఇంట్లో మాత్రం చక్రం ఎక్కడిదక్కడ ఆగిపోవాలి. కానీ మా కళ్ళ ముందే ఆ ఎర్ర గుర్తు నింపాదిగా ఎడమ నుంచి కుడికి నడిచి, అంచు వెనక్కి వెళ్ళి, మళ్ళీ కనబడింది. నాన్నగారు చేతి గడియారం చూశారు. చుట్టుకు 40 సెకన్లు పడుతోంది. అంటే 150 వాట్లు. రోజుకు 3.6 యూనిట్లు, 30 రోజులకు 108 యూనిట్లు. ఆ అంకెను ఆయన గోడ మీదే పెన్సిలుతో రాశారు. ఎవరూ వాడని, ఎవరికీ వెలుతురు గానీ గాలి గానీ ఇవ్వని 108 యూనిట్లు.

అప్పటిదాకా తలుపు పక్కన నిలబడి చూస్తున్న చెల్లి మెల్లగా, "అయితే దీపం వదిలేసింది నేను కాదు కదా నాన్నా" అని అడిగింది. నాన్నగారు దాన్ని దగ్గరికి తీసుకుని తల నిమిరారు తప్ప వెంటనే మాట్లాడలేకపోయారు. మేమెవరమూ చేయని తప్పుకు నెలంతా ఒకరినొకరం తిట్టుకున్నామన్న సంగతి ఆయన్ను ఎంతగా బాధించిందో, నేను నా పిల్లలకు తండ్రినయ్యాక గానీ నాకు పూర్తిగా అర్థం కాలేదు.

తరువాత ఆయన ఫ్యూజులు ఒక్కొక్కటిగా పీకుతూ వచ్చారు. నేను చక్రం వైపు చూస్తూ "తిరుగుతోంది, తిరుగుతోంది" అని చెబుతూ ఉన్నాను. నాలుగో ఫ్యూజు పీకగానే ఎర్ర గుర్తు ఉన్నచోటే నిలిచిపోయింది. అది నీళ్ళు కాచే హీటరుకు వెళ్ళే లైను. మర్నాడు వచ్చిన ఎలక్ట్రీషియన్ హీటరు విప్పి చూపించాడు. కాయిలు పైతొడుగు పగిలి, కరెంటు నీళ్ళలో గుండా ఎర్తు తీగలోకి కారిపోతోంది. అసలు ప్రమాదం వేరే ఉంది. ఎప్పుడో వైరింగు చేసినవారు స్విచ్చును కరెంటు తెచ్చే ఫేజు తీగకు బదులు, దాన్ని తిరిగి తీసుకువెళ్ళే న్యూట్రల్ తీగకు కలిపారు. అందువల్ల స్విచ్చు ఆపినా హీటరులో కరెంటు ఉంటూనే ఉంది. "ఎర్తింగు గట్టిగా ఉండబట్టి సరిపోయిందండీ, లేకపోతే ఆ నీళ్ళు ముట్టుకున్నవాళ్ళు ఏమయ్యేవారో" అని అతను అన్నప్పుడు నాన్నగారి ముఖంలో రంగు మారిపోయింది. ఆ తరువాత ఆయన ఆ నెల బిల్లు గురించి మళ్ళీ ఒక్క మాట కూడా అనలేదు. ఆ బిల్లు అంత పెరిగి రాకపోతే ఆ లోపం బయటపడేది కాదు కదా అని మాత్రం ఒకసారి అమ్మతో అన్నారు.

పుస్తకం మొదలైంది ఆ సాయంత్రమే. రోజూ దీపాలు పెట్టే వేళకు మీటరు అంకె రాయడం, నిన్నటి అంకె తీసివేయడం, తేడా ఎక్కువైనా తక్కువైనా కారణం గడిలో ఒక ముక్క రాయడం. రెండు వారాలు ఆయనే రాసి, తరువాత ఆ పని నాకు అప్పగించారు. బిల్లు చేతికి వచ్చేసరికి నెల గడిచిపోయి ఉంటుంది, అప్పుడు కోప్పడినా చేయగలిగిందేమీ లేదు. రోజూ రాస్తే పది రోజులకే పోకడ తెలుస్తుంది, దిద్దుకోవడానికి ఇంకా ఇరవై రోజులు మిగులుతాయి అనేది ఆయన ఆలోచన. కరెంటు ధర చాలా చోట్ల మెట్లు మెట్లుగా ఉంటుంది కనుక, వాడకం ఒక మెట్టు దాటితే ఆపైన వాడే ప్రతి యూనిట్‌కూ ఎక్కువ ధర పడుతుంది కనుక, నెల చివరి వారంలో మేము మెట్టుకు ఎంత దూరంలో ఉన్నామో తెలియడం నిజంగా అక్కరకు వచ్చేది. ఒకసారి మేము ఊళ్ళో లేనప్పుడు మీటరు చూడకుండా అంచనా మీద బిల్లు వేస్తే, నాన్నగారు ఈ పుస్తకమే తీసుకువెళ్ళి చూపించి సరిచేయించుకు వచ్చారు.

పుస్తకం నేర్పిన మొదటి విషయం మా అందరినీ ఆశ్చర్యపరిచింది. మేము ఏళ్ళ తరబడి పోట్లాడుకున్నది దీపాల గురించి. మీటరును నిజంగా పరుగెత్తించేది మాత్రం వేడి. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 4.2 కిలోజౌళ్ళ శక్తి కావాలి. మనకు పరిచయమున్న పదార్థాల్లో ఇంత శక్తిని అడిగేవి చాలా తక్కువ. 20 లీటర్ల నీటిని 30 డిగ్రీలు వేడి చేస్తే 0.7 యూనిట్ ఖర్చవుతుంది. అదే 0.7 యూనిట్‌తో 60 వాట్ల బల్బు పదకొండున్నర గంటలకు పైగా వెలుగుతుంది. ఆ లెక్క కట్టిన రోజు నాన్నగారు, ఇకపై చదువుకునే దీపం గురించి ఈ ఇంట్లో ఎవరూ ఎవరినీ ఏమీ అనకూడదని చెప్పి, హీటరు వైపు తిరిగారు. దాని థర్మోస్టాటు ఎంతో ఎక్కువలో పెట్టి ఉంది. మరిగే నీళ్ళు కాచి, వాటిలో చన్నీళ్ళు కలుపుకుని వాడుకుంటున్నాం. దాన్ని తగ్గించారు. రోజంతా వేసి ఉంచకుండా కావలసిన సమయానికి కాసేపు ముందు వేసేలా అలవాటు చేశారు. ట్యాంకు నుంచి వచ్చే గొట్టానికి వేడి పోకుండా తొడుగు చుట్టారు. ఈ మూడు పనులకే నెల మొత్తంలో పడిన తేడా, అంతకుముందు మేము పడిన తిట్లన్నిటికీ కలిపి కూడా ఎన్నడూ పడలేదు.

ఫ్యాను రెగ్యులేటరు గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆ రోజుల్లో అది గోడకు బిగించిన పెద్ద డబ్బాలా ఉండేది. వేగం తగ్గిస్తే కరెంటు కలిసివస్తుందని నాయనమ్మ ఎప్పుడూ ఒకటో నంబరు మీదే పెట్టుకునేది. నాన్నగారు ఒక రోజు నా చేయి ఆ డబ్బా మీద పెట్టించారు. వెచ్చగా ఉంది. ఫ్యానుకు తగ్గించిన విద్యుత్తులో చాలా భాగం లోపలి నిరోధకంలో ఇలా వేడిగా పోతోందని, కనుక ఉక్కపోతలో ఒకటో నంబరు మీద బాధపడవలసిన అవసరం లేదని ఆమెకు వివరించి చెప్పారు. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు వచ్చాక ఆ లోపం చాలావరకు పోయింది. ఫ్రిజ్ తలుపు సందులో కాగితం ముక్క పెట్టి మూసి, సులువుగా జారి వస్తోందంటే రబ్బరు వదులైందని తెలుసుకోవడం, వెనక జాలీకి పట్టిన దుమ్ము దులపడం, లోపల గడ్డకట్టిన మంచు మందంగా పేరుకోకముందే కరిగించడం అన్నవి పుస్తకంలో మూడు నెలలకొకసారి కనబడతాయి.

వంటగది మాత్రం అమ్మ రాజ్యం. నాన్నగారు అక్కడికి పుస్తకం తీసుకువెళ్ళలేదు. సిలిండరు మార్చిన రోజు మాత్రం అమ్మ చెబితే నేను రాసేవాణ్ణి. మొదటి పుటల్లో ఒక సిలిండరు 31 రోజులు, 30 రోజులు వచ్చినట్టు ఉంది. ఒక ఏడాది తిరిగేసరికి 38, 39 రోజులు. దాని వెనక ఉన్నదంతా అమ్మ చేతి పనే, అది ఏ గడిలోనూ లేదు కనుక ఇక్కడ రాయాలనిపిస్తోంది.

అమ్మ మంటను ఎప్పుడూ గిన్నె అడుగు దాటనిచ్చేది కాదు; అంచులు దాటి పైకి ఎగబాకిన మంట గిన్నెను కాక గోడను కాస్తుందని అనేది. మూత లేకుండా నీళ్ళు పెట్టేది కాదు. గింజలేవైనా ముందు రోజు రాత్రే నానబెట్టేది. ఉడుకు పట్టగానే మంటను సన్నం చేసేసేది. అలా చేస్తే ఆలస్యమవుతుందని నేను వాదిస్తే, "ఉడికే నీళ్ళను తొందరపెట్టలేవు నాన్నా" అని నవ్వేది. ఆ మాటలో ఎంత నిజముందో కళాశాలలో భౌతికశాస్త్రం చదివినప్పుడు తెలిసింది. మూత కొద్దిగా తెరిచిన గిన్నెలో నీళ్ళు మరగడం మొదలయ్యాక ఎంత మంట పెట్టినా వాటి ఉష్ణోగ్రత 100 డిగ్రీల దగ్గరే నిలిచి ఉంటుంది. అదనపు మంట అంతా నీళ్ళను ఆవిరి చేయడానికే పోతుంది. ఒక లీటరు నీటిని 25 డిగ్రీల నుంచి మరిగే దాకా తేవడానికి సుమారు 314 కిలోజౌళ్ళు చాలు, ఆ లీటరంతా ఆవిరి కావడానికి 2257 కిలోజౌళ్ళు కావాలి. ఏడింతలకు పైగా. వంటగది కిటికీలోంచి బయటికి పోయే తెల్లని ఆవిరి అంతా సిలిండరులోంచి పోతున్న గ్యాసేనని నేను పుస్తకాల్లో చదివి తెలుసుకున్నాను. అమ్మ పొయ్యి దగ్గర నిలబడి తెలుసుకుంది.

ప్రెషర్ కుక్కరు మా ఇంటికి వచ్చినప్పుడు అమ్మ మొదట్లో దాని దగ్గరికి వెళ్ళడానికి జంకింది. ఆవిరిని బిగబట్టి వండే పాత్రను డెనిస్ పాపెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1679లోనే తయారు చేశాడని, లోపలి ఒత్తిడి పెరగడం వల్ల నీళ్ళు 120 డిగ్రీల దాకా వేడెక్కి పని త్వరగా అవుతుందని నాన్నగారు ఎంతో ఓపికగా చెప్పారు. కూత రాగానే మంట తగ్గించాలన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పకుండానే అమ్మకు తెలిసింది. ఒక్కొక్కప్పుడు ఉడుకుతున్న గిన్నెను దించి, బిగుతుగా మూత పెట్టి, పాత దుప్పట్లో పొరలు పొరలుగా చుట్టి మూలన పెట్టేది. గంట తరువాత విప్పితే పొయ్యి అవసరం లేకుండానే మిగతా వంట పూర్తయి ఉండేది. పసుపు రంగు మంట కనబడితే బర్నరు తీసి రంధ్రాలన్నీ పిన్నీసుతో శుభ్రం చేసి, మంట మళ్ళీ నీలంగా మారేదాకా ఊరుకునేది కాదు. ఒక కిలో వంటగ్యాస్‌లో దాదాపు 13 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి ఉంటుంది; మామూలు పొయ్యి మీద అందులో గిన్నెకు చేరేది సగానికి అటూ ఇటూ మాత్రమే. ఆ మిగతా సగంలోంచి కొంచెం కొంచెం వెనక్కి లాక్కోవడమే అమ్మ జీవితకాలం చేసిన పని. దానికి ఆమె ఎన్నడూ పొదుపు అని పేరు పెట్టలేదు.

ఒక చలికాలం వేడి బయటికి పోతోందని అమ్మ వంటగది కిటికీ మూసి వండుతుంటే నాన్నగారు చూసి కంగారుగా తెరిచారు. గాలి చాలక గ్యాస్ సరిగా మండకపోతే పుట్టే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు, తెలిసేలోపే మనిషిని పడగొడుతుంది. ఆ ఒక్క విషయంలో మాత్రం ఆయన అమ్మతో గట్టిగా మాట్లాడటం విన్నాను.

ఇక ఆ పుస్తకంలో నేను ఎప్పుడు తెరిచినా కాసేపు ఆగిపోయే పుట ఒకటి ఉంది. పుస్తకం మొదలైన రెండో ఏడాది చలికాలం. రోజువారీ తేడా ఒక్కసారిగా తగ్గి, తొమ్మిది రోజుల పాటు అలాగే తక్కువగా ఉంది. కారణం గడిలో నా చేతిరాతలో తొమ్మిది ప్రశ్నార్థకాలు వరుసగా ఉన్నాయి. అంకె తగ్గినందుకు నేను చాలా సంతోషపడ్డాను. నాన్నగారు మాత్రం సంతోషపడలేదు. పెరిగిన అంకెకు కారణం వెతికినట్టే తగ్గిన అంకెకూ వెతకాలి అంటూ ఇల్లంతా తిరిగారు. చివరికి చెల్లి చెప్పింది: నాయనమ్మ రోజూ చన్నీళ్ళే పోసుకుంటోంది.

నాన్నగారు ఆమె దగ్గరికి వెళ్ళి కింద కూర్చుని, "అమ్మా, ఈ చలిలో చన్నీళ్ళు పోసుకుంటున్నావా?" అని అడిగారు. నాయనమ్మ ఏదో ఘనకార్యం బయటపడినట్టు నవ్వి, "నాకేమిట్రా, చిన్నప్పటి అలవాటే. మనవడు రోజూ ఆ అంకెలు చదువుతుంటే వింటున్నాగా. తగ్గింది కదా?" అంది. ఆ మాట అంటూనే దగ్గింది. ఆ దగ్గు నాలుగైదు రోజులుగా ఉందని అప్పుడు మాకందరికీ గుర్తుకు వచ్చింది. నాన్నగారు లేచి హీటరు వేసి, నీళ్ళు కాగేదాకా అక్కడే నిలబడి, తానే మోసుకువచ్చి ఆమె కాళ్ళ దగ్గర పెట్టారు. "ఇంకోసారి ఇలా చేస్తే ఆ పుస్తకాన్ని పొయ్యిలో పెట్టేస్తానమ్మా" అన్నారు. ఆయన గొంతు అలా వణకడం నేను అంతకుముందు వినలేదు.

ఆ రాత్రి పుస్తకం మొదటి పుటలో, ఖాళీగా వదిలిన చోట, ఆయన ఎర్ర సిరాతో మూడు వరుసలు రాశారు. నాయనమ్మ వేడినీళ్ళు. పిల్లలు చదువుకునే దీపం. ఫ్రిజ్‌లో ఉన్న ఇన్సులిన్. వాటి కింద "వీటి జోలికి పోకూడదు" అని రాసి గీత గీశారు. నాయనమ్మ వాడే ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి కనుక ఫ్రిజ్‌ను రాత్రిపూట ఆపుదామన్న నా సలహాకు కూడా ఆ వరుసతోనే సమాధానం దొరికింది. బిల్లులు పెరిగినప్పుడు ఇంట్లో అందరికంటే ముందు నోరు మూసుకుని తగ్గించుకునేది ముసలివాళ్ళే. వాళ్ళు అడగరు, చెప్పరు. బిల్లు తగ్గిందని సంతోషించేముందు, ఎవరి ఒంటి మీదుగా తగ్గిందో కనుక్కోవాలన్న జాగ్రత్త నాకు ఆ తొమ్మిది ప్రశ్నార్థకాల వల్లే వచ్చింది.

తరువాతి పుటల్లో కాలం మారడం కనబడుతుంది. తిరిగే చక్రం పోయి, ఎర్రటి చుక్క మినుకుమనే ఎలక్ట్రానిక్ మీటరు వచ్చింది. దాని మీద యూనిట్‌కు 3200 మినుకులు అని ఉంటే నాన్నగారు వెంటనే పాత లెక్కను కొత్తదానికి మార్చుకున్నారు. 60 వాట్ల బల్బుల స్థానంలో 9 వాట్ల ఎల్ఈడీలు వచ్చాయి. పాత బల్బు తీసుకున్న విద్యుత్తులో నూటికి పది వంతులు కూడా వెలుతురుగా మారేది కాదు, మిగతాదంతా వేడే. తెల్లని ఎల్ఈడీ వెలుతురుకు దారి తీసిన నీలి ఎల్ఈడీని సాధించినందుకు అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చినప్పుడు, నాన్నగారు ఆ వార్తను కత్తిరించి ఈ పుస్తకంలోనే అతికించారు. ఆ కాగితం ఇప్పుడు పసుపెక్కి పోయింది.

ఈమధ్య నా బిల్లులు పెరిగినప్పుడు నేను చేసింది ఆయన చేసిన పనే. ముందుగా డబ్బు అంకెను పక్కన పెట్టి యూనిట్లు మాత్రమే చూశాను. నిరుటి ఇదే నెలతో పోలిస్తే గ్యాస్ వాడకం అంతే ఉంది, పెరిగింది ధర. కరెంటులో మాత్రం ధరా పెరిగింది, వాడకమూ పెరిగింది. ఈ రెండింటినీ విడదీసి చూడగానే గుండె మీద బరువు సగం దిగింది. ధర నా చేతిలో లేదు. 1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు సరఫరా మీద ఆంక్షలు పెడితే కొద్ది నెలల్లోనే ముడిచమురు ధర సుమారు నాలుగు రెట్లయింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఐరోపాలో గ్యాస్ ధరలు ఎన్నడూ లేనంత ఎత్తుకు వెళ్ళాయి. గ్యాస్ మండించి కరెంటు తయారుచేసే చోట ఒకటి పెరిగితే రెండోదీ పెరుగుతుంది. ఎక్కడో జరిగిన దానికి ఎక్కడో వంటగదిలో ఒక తల్లి మంట తగ్గించుకుంటుంది. అది న్యాయం కాదని నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. కానీ ఇంట్లో పెరిగిన వాడకాన్ని మాత్రం వెతికి పట్టుకోవచ్చు.

ఒక రాత్రి పిల్లలు నిద్రపోయాక అన్నీ ఆపేసి మీటరు ముందు నిలబడ్డాను. చుక్క మినుకుమంటూనే ఉంది. టీవీకి తగిలించిన డబ్బాలు, ఛార్జర్లు, ఎప్పుడో కొని మరిచిపోయిన ఒక పాత స్పీకరు సెట్టు, అన్నీ నిద్రలో ఉన్నట్టు కనబడుతూ కొంచెం కొంచెంగా లాగుతున్నాయి. ఒక వాటు ఏడాది పొడుగునా లాగితే 8.76 యూనిట్లు. ఇలాంటి నష్టం ప్రతి పరికరానికీ ఒక వాటు మించకూడదని అంతర్జాతీయ ఇంధన సంస్థ 1999లోనే ప్రతిపాదించింది. మా ఇంట్లో ఉన్న పాత సామాను ఆ మాట వినకముందే పుట్టింది. అసలు దొంగ మాత్రం నీళ్ళ హీటరే. ఎవరో దాని అంకె పెంచి అలాగే వదిలేశారు. ఎవరని నేను అడగలేదు. మా పెద్దమ్మాయిని పిలిచి, మర్నాటి నుంచి మీటరు అంకె రాయడం నీ పని అని మాత్రం చెప్పాను. కారణం అన్న గడి ఎందుకని అది అడిగింది. రాస్తూ ఉంటే తెలుస్తుందన్నాను.

నిజానికి ఆ గడిలో ఉన్నదంతా మా ఇంటి కథే. "చెల్లికి జ్వరం, రాత్రంతా దీపం." "పరీక్షలు." "అమ్మకు నడుము నొప్పి, వేడినీళ్ళ కాపడం." నాయనమ్మ పోయిన నెల రోజువారీ తేడా తగ్గిపోయింది, కారణం దగ్గర నాన్నగారు ఏమీ రాయలేదు. ఉద్యోగం కోసం నేను ఇల్లు విడిచిన నెల ఇంకొంచెం తగ్గింది. అక్కడ "పెద్దవాడి గది" అని ఉంది. చెల్లి పెళ్ళయ్యాక సిలిండరు 60 రోజులు దాటి వచ్చింది. అంకెలు ఏటికేడు చిన్నవవుతూ, ఇద్దరు మనుషుల ఇల్లుగా, ఆ తరువాత ఒక్కరి ఇల్లుగా మారాయి. నాన్నగారి చేతిరాత ఒక పుట మధ్యలో ఆగిపోయి, పదకొండు రోజులు ఖాళీ వదిలి, కింద అమ్మ చేతిరాత మొదలవుతుంది. పుస్తకం ఎప్పుడూ ముట్టని అమ్మ, గీతలు వంకరగా గీసుకుంటూ, తీసివేతల్లో అప్పుడప్పుడు తప్పు చేసి కొట్టివేసుకుంటూ, దాదాపు రెండేళ్ళ పాటు ఒక్క రోజూ విడవకుండా రాసింది. రోజుకు ఒక యూనిట్, ఒకటిన్నర, మళ్ళీ ఒకటి. కారణం గడి అంతా ఖాళీ.

ఒక్క చోట మాత్రం అంకె ఎగసింది. ఒక వారం మొత్తం, రోజుకు ఎనిమిది, తొమ్మిది, పది యూనిట్లు. ఆ నెల బిల్లు ఆమెకు ఎంత వచ్చిందో, ఎలా కట్టిందో మాకెవరికీ చెప్పలేదు. కారణం అన్న గడిలో, ఏడు వరుసల్లోనూ విడివిడిగా, ఏడుసార్లు, "పిల్లలు వచ్చారు" అని రాసుకుంది.